ఏకాంత ప్రార్థనా, గృహ కూటమా?

తలుపు వేసుకుని ప్రార్థించమని మత్తయి 6వ అధ్యాయంలో యేసుప్రభువే చెప్పారు. ఇంట్లో ఎవరూ లేవకముందే మోకరిస్తే మనసులో ఉన్నదంతా దాచకుండా చెప్పుకోవచ్చు. విశ్వాసానికి వేరు అదే.

అయినా నా మట్టుకు, ఎదుగుదల ఎక్కువగా కనిపించేది వారం మధ్యలో ఎవరో ఒకరి ఇంట్లో విశ్వాసులు కలిసి ప్రార్థించే గృహ కూటంలోనే. చాప మీద మన పక్కనే కూర్చున్న అక్క, తన కొడుకు ఉద్యోగం గురించి టెన్షన్‌తో ఏడుస్తుంటే, మన కష్టం పక్కకు పోయి ఆమె కష్టం మన నోట ప్రార్థన అవుతుంది. మాటల్లేని తోడికోడళ్లు ఒకే పాటల పుస్తకం పట్టుకుని పాడాల్సి వస్తుంది. క్షమించడం ఒంటరిగా గదిలో నేర్చుకునేది కాదు. తొలి విశ్వాసులు కూడా ఇంటింటా రొట్టె విరిచారని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో ఉంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు: ప్రార్థన అంశంగా చెప్పిన ఇంటి విషయం వీధిలో పడితే, ఆ కూటంలో మళ్లీ ఎవరూ నోరు విప్పరు.