రాణీగంజ్‌లో యెజ్డీ రీబోరింగ్: పిస్టన్ చూడకుండా సిలిండర్ మీద చెయ్యి వెయ్యని లేత్ షాపు

నాన్న 1984లో కొన్న యెజ్డీ రోడ్‌కింగ్‌ని మళ్ళీ రోడ్డెక్కించాలని రెండేళ్ళుగా తిరుగుతున్నా, అన్నిటికంటే బోర్ పని (అరిగిన సిలిండర్ లోపలి రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి పెద్ద పిస్టన్‌కి సరిపెట్టడం) దగ్గరే ఎక్కువ దెబ్బతిన్నా, అందుకే రాణీగంజ్ లోపలి గల్లీలో ఉన్న ఈ షాపు గురించి వివరంగా రాస్తున్నా.

పోయినేడాది వేరే చోట ఇచ్చాం. సిలిండర్ ఒక్కటే తీసుకుని సెకండ్ సైజు, అంటే అసలు కొలత కంటే అర మిల్లీ పెద్దగా, కొట్టేస్తాం అన్నారు, పిస్టన్ అడగలేదు, సాయంత్రానికల్లా మెరిసిపోతూ చేతికొచ్చింది. మూడో వారం చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్ల మధ్య పోతుంటే వెనక చక్రం ఒక్కసారి పట్టేసింది, వెంటనే క్లచ్ నొక్కబట్టి పడలేదు. విప్పి చూస్తే పిస్టన్ అల్యూమినియం గీతలు గీతలుగా బోర్ గోడకి అంటుకుని ఉంది. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది కదా, పిస్టన్‌కీ గోడకీ మధ్య గ్యాప్ సరిపోక బిగుసుకుపోయింది. ఈ బండి అసలు బోర్ 65 మిల్లీమీటర్లు, పావు మిల్లీ చొప్పున పెంచుకుంటూ పోతే 66 దాకా నాలుగే సైజులు, అందులో 65.50 అలా మూడు వారాల్లో పోయింది, ఆ బాధ ఇంకా ఉంది నాకు.

ఈ రాణీగంజ్ షాపులో పనిచేసే చాచా మొదట అడిగిందే "పిస్టన్ తెచ్చినవా బేటా?" అని. లేదంటే సిలిండర్ తిరిగి నా చేతిలో పెట్టేశారు. మర్నాడు 65.75 పిస్టన్ కిట్ తీసుకెళ్తే ముందు పిస్టన్ కింది భాగం మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ అంకె సిలిండర్ మీద చాక్‌పీస్‌తో రాసుకున్నారు. తర్వాత బోర్ గేజ్ దింపి పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి చూశారు. పైన రింగు ఆగే చోట ముల్లు ఎంత కదిలిందో నాకే చూపించారు, అరుగుదల ఎప్పుడూ అక్కడే ఎక్కువట, గోరు పెట్టి రాస్తే మెట్టులా తగిలింది కూడా.

బోర్ కొట్టాక హోనింగ్ చేసి (సన్నటి రాళ్ళతో గోడని రుద్ది) పిస్టన్ గ్యాప్ 0.07 మిల్లీ ఉంచారు. గోడ మీద ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి గీతలు కనిపిస్తాయి, ఆయిల్ నిలిచేది వాటిలోనే. నాకు బాగా నచ్చింది మాత్రం పోర్టుల పని, అంటే గ్యాస్ వచ్చిపోవడానికి సిలిండర్ గోడకి ఉండే కిటికీల పని. టూ స్ట్రోక్‌లో బోర్ కొట్టాక పోర్టు అంచులు బ్లేడులా అవుతాయి, అలాగే వదిలేస్తే రింగు తగులుకుని విరుగుతుంది, చాచా ఒక్కో అంచుని చిన్న రాయితో చేత్తో అరగదీస్తూ అరగంట కూర్చున్నారు, తర్వాత రింగుని బోర్‌లో పెట్టి ఫీలర్ గేజ్‌తో రింగు కొసల మధ్య గ్యాప్ చూసి అప్పుడిచ్చారు.

మైనస్‌లు ఉన్నాయి. రెండ్రోజులన్నది ఆరు రోజులైంది, ఫోన్ ఎత్తరు, బండి పెట్టడానికి చోటుండదు. 900 తీసుకున్నారు, ఈ పనికి అది తక్కువే.

ఇంటికొచ్చాక సిలిండర్‌ని వేడి సబ్బు నీళ్ళతో బ్రష్ పెట్టి కడగండి, తెల్లబట్టతో తుడిస్తే మరక అంటనంత వరకు, వెంటనే ఆయిల్ రాయండి, లేకపోతే గంటలో తుప్పు. ఇప్పటికి 600 కిలోమీటర్లు తిప్పా, స్పీడు 50 దాటించలేదు, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూడా పిస్టన్ టకటక లేదు. మొన్న ఆదివారం నాన్నని వెనక కూర్చోబెట్టుకుని ట్యాంక్‌బండ్ దాకా వెళ్ళొచ్చాం.