చిత్రసంతె, బెంగళూరు: పిల్లల్ని తీసుకుని పొద్దున్నే వెళ్ళండి

బెంగళూరులో ఉంటూ చిత్రసంతెకి, అంటే బొమ్మల సంతకి, ఇంకా వెళ్ళనివాళ్ళు ఎవరైనా ఉంటే ఈసారి మిస్సవ్వకండి, ఇంట్లో పిల్లలుంటే అసలు వదలొద్దు. కర్ణాటక చిత్రకళా పరిషత్ వాళ్ళు ఏటా పెడతారు, మామూలుగా జనవరి మొదటి ఆదివారం, ఒక్క రోజే. కుమారకృప రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు, ఆ రోడ్డుకి రెండు పక్కలా, పరిషత్ ఆవరణలో, ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వెయ్యి మందికి పైగా ఆర్టిస్టులు వచ్చి బొమ్మలు పెట్టుకుని కూర్చుంటారు. టికెట్ లేదు. వంద రూపాయల బొమ్మ నుంచి లక్షల్లో పలికే కాన్వాస్ దాకా అన్నీ అక్కడే.

మా పిల్లలు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్తే కాసేపటికే ఇంటికెళ్దాం అంటారు, ఇక్కడ మాత్రం మేమే లాక్కురావాల్సి వచ్చింది. ఎందుకంటే బొమ్మ పక్కనే అది గీసిన మనిషి ఉంటాడు, ఏదడిగినా చెప్తాడు. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒక కలంకారీ ఆయన దగ్గర మా పాప అలా నిలబడిపోయింది. వెదురు పుల్లకి చివర్లో ఉన్ని చుట్టి దారం బిగించి ఉంది, అదే కలం. ఆ ఉన్ని ముద్దని వేళ్ళతో కొంచెం నొక్కితే రంగు దిగుతుంది, నొక్కు తగ్గితే గీత సన్నబడుతుంది. "బట్ట మీద ఇంకు పాకదా అంకుల్" అని అడిగింది పాప. "ముందే కరక్కాయ, పాలు కలిపి బట్టని తడిపి ఆరబెడతామమ్మా, అందుకే పాకదు" అన్నాడు. నల్ల రంగేమో ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో నానబెట్టి రోజుల తరబడి పులియబెడితే వస్తుందట. మా అత్తయ్యది చిత్తూరు వైపు, ఆయన మాట వినగానే "ఏ ఊరు నాయనా" అని మొదలుపెట్టి వాళ్ళిద్దరూ కబుర్లలో పడ్డారు, మేం ముందుకెళ్ళి చూసొచ్చేసరికి కూడా ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

బాబుకి పోర్ట్రెయిట్ గీయించాం. స్టూల్ మీద కదలకుండా కూర్చోబెట్టడమే కష్టం అనుకున్నా, కానీ బొమ్మ గీసే అమ్మాయి ముందు కళ్ళు గీసి ఒకసారి వాడికి చూపించింది, ఇక వాడు కిక్కురుమనకుండా కూర్చున్నాడు. మైసూర్, తంజావూర్ పెయింటింగులు, మధుబని కూడా చూశాం, అన్నీ రాయాలంటే చాంతాడంత అవుతుంది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. రోడ్డు మీద పెట్టారు కదా అని సగానికి సగం బేరమాడేవాళ్ళని చూస్తే నిజంగా బాధేసింది. వాళ్ళు రైల్లో అంత సరుకు మోసుకొచ్చి, ఒక్క రోజు అమ్మకం కోసం పొద్దున్నుంచి ఎండలో కూర్చుంటారు, మధ్యలో కమీషన్ తినే షాపు లేదు కాబట్టి ఆ రేటే మనకి తక్కువ. కొనలేకపోతే చూసి, బాగుందని చెప్పి వచ్చేయొచ్చు, దానికీ సంతోషపడతారు. మేం ఒక చిన్న కాన్వాస్ తీసుకున్నాం, చుట్టేటప్పుడు రంగు ఉన్న వైపు బయటికి రావాలట, లోపలికి చుడితే రంగు నలిగి పగులుతుందని అది గీసినాయనే చెప్పి చుట్టిచ్చాడు.

పరిషత్ లోపల రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్, ఆయన కొడుకు స్వెతస్లావ్ రోరిక్ బొమ్మల గ్యాలరీ కూడా ఉంది. మన వైజాగ్‌లో పుట్టిన పాతకాలం హిందీ సినిమా నటి దేవికారాణి, ఫాల్కే అవార్డు మొట్టమొదట అందుకున్నావిడ, ఈ స్వెతస్లావ్ గారి భార్యే. ఆ గ్యాలరీ మాత్రం సంతె రోజు జనంలో వద్దు, ఇంకో రోజు తీరిగ్గా వెళ్ళండి.

తొమ్మిదింటికల్లా అక్కడుంటే హాయిగా చూడొచ్చు, మధ్యాహ్నం అయ్యేసరికి స్ట్రోలర్ కూడా కదలదు. కారు వద్దు, గ్రీన్ లైన్ మెట్రోలో మంత్రి స్క్వేర్ సంపిగె రోడ్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి. టోపీలు, నీళ్ళు, పెద్దవాళ్ళకి మడత కుర్చీ ఒకటి పెట్టుకోండి. అంత జనంలో ఫోన్ పేమెంట్ ఒక్కోసారి తిరుగుతూనే ఉంటుంది, కాస్త క్యాష్ ఉంచుకోండి, చిల్లరతో సహా.