పాత కార్ల హీటర్‌కు ‘యూనివర్సల్’ బ్లోయర్ మోటార్: కొనొచ్చా?

క్లాసిక్ కార్ల హీటర్ కోసం అమ్మే 12 వోల్టుల పర్మనెంట్ మాగ్నెట్ బ్లోయర్ (గాలి ఊదే ఫ్యాన్) మోటార్ల డబ్బా మీద ‘యూనివర్సల్ ఫిట్’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఫ్లాంజ్ (మోటార్‌ను బిగించే అంచు) రంధ్రాల వరకు ఆ మాట నమ్మొచ్చు. షాఫ్ట్ మందం, తిరిగే దిశ, లాగే కరెంటు మాత్రం కొన్నవాళ్లే కొలిచి చూసుకోవాలి. ఇవి సరిపోయాయా, మోటార్ చక్కగా పనిచేస్తుంది. మోత తక్కువ, గాలి ఎక్కువ. సరిపోకపోతే ఎంత మంచి మోటారైనా దండగే.

ముందు షాఫ్ట్ సంగతి. పాత బ్రిటిష్, అమెరికన్ కార్లలో ఫ్యాన్ హబ్ (షాఫ్ట్ దూరే మధ్య భాగం) రంధ్రం కొలత అంగుళాల్లో ఉంటుంది. 1/4 అంగుళం అంటే 6.35 మి.మీ., 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ. కొత్త మోటార్ల షాఫ్ట్ చాలావాటికి 6 లేదా 8 మి.మీ. ఉంటుంది. 5/16 హబ్‌కీ 8 మి.మీ. షాఫ్ట్‌కీ తేడా 0.06 మి.మీ. మాత్రమే కదా అని సుత్తితో కొట్టి ఎక్కిస్తే ఆ దెబ్బ నేరుగా వెనక బుష్ (షాఫ్ట్ తిరిగే గొట్టపు బేరింగ్) మీదా, షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్ మీదా పడుతుంది, కొత్త మోటార్ మొదటి రోజు నుంచే గరగరమంటుంది. లోహపు హబ్ అయితే 8 మి.మీ. రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు కోసే పనిముట్టు) సాపు చేయడమే పద్ధతి. 6.35 హబ్‌లో 6 మి.మీ. షాఫ్ట్ పెట్టడం ఇంకా చెడ్డది. గ్రబ్ స్క్రూ (హబ్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే తల లేని స్క్రూ) బిగించగానే హబ్ ఒక పక్కకు జరిగి ఫ్యాన్ చక్రం వంకరగా తిరుగుతుంది. దానికి లేత్ మీద సన్నటి స్లీవ్ చేయించక తప్పదు.

దిశ విషయంలో తికమక ఎక్కువ. పాత మోటార్లలో చాలావాటికి అయస్కాంతం బదులు ఫీల్డ్ కాయిల్ (కరెంటుతో అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) ఉండేది. వాటికి ప్లస్, మైనస్ వైర్లు మార్చినా దిశ మారదు, ఎందుకంటే ఫీల్డూ ఆర్మేచరూ (మోటార్‌లో తిరిగే తీగచుట్టల భాగం) రెండూ కలిసి తిరగబడతాయి. పర్మనెంట్ మాగ్నెట్ మోటార్‌కు మారుతుంది. 1967కు ముందటి ఎంజీబీలాంటి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలిపిన) కార్లలో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. మోటార్‌లో ఒక బ్రష్ (ఆర్మేచర్‌కు కరెంటు అందించే కార్బన్ ముక్క) బాడీకే కలిసి ఉంటే వైర్లు మార్చుకునే వీలుండదు. రెండు వైర్లూ బాడీకి తగలకుండా బయటికొచ్చే మోటారే తీసుకోవాలి. రెక్కల ఫ్యాన్ ఎదురు తిరిగితే గాలి వెనక్కి లాగుతుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. స్క్విరల్ కేజ్ చక్రం (అంచు చుట్టూ సన్నటి రెక్కలున్న డ్రమ్ లాంటి ఫ్యాన్) అలా కాదు. ఎదురు తిరిగినా గాలి బయటికే వస్తుంది, కాకపోతే నీరసంగా. అందుకే మోటార్‌కు శక్తి లేదని పొరబడతారు. ‘క్లాక్‌వైజ్’ అని రాసి ఉంటే షాఫ్ట్ వైపు నుంచి చూసి చెప్పారా, వెనక నుంచి చూసి చెప్పారా అన్నది అమ్మేవాళ్లను అడగాలి.

ఇక కరెంటు. స్పీడ్ తగ్గించే రెసిస్టర్‌ను పాత మోటార్ లాగే కరెంటును బట్టి అమర్చారు. రెసిస్టర్ 1 ఓమ్, పాత మోటార్ లాగేది 5 ఆంపియర్లు అనుకుంటే అక్కడ 5 వోల్టులు తగ్గుతాయి. కొత్త మోటార్ 3 ఆంపియర్లే లాగితే 3 వోల్టులే తగ్గుతాయి, కనుక ‘లో’లో పెట్టినా జోరుగానే తిరుగుతుంది. ఇది భరించదగ్గ లోపమే. ఎక్కువ లాగే మోటార్ అయితే ‘లో’లో కదలకపోవచ్చు. ఆగిన మోటార్‌తో గాలి ఉండదు, గాలి లేక రెసిస్టర్ ఎర్రబడుతుంది. పాత స్విచ్ కాంటాక్టులు కూడా మాడతాయి. హై స్పీడ్‌కు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టడం మేలు: బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ద్వారా 30వ పిన్నుకు, 87 నుంచి మోటార్‌కు, 85, 86 పిన్నుల్లో ఒకటి స్విచ్‌కు, రెండోది ఎర్త్‌కు.

బిగించే ముందు బల్ల మీద ఫ్యూజ్ పెట్టి తిప్పి చూడండి. కార్లో పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ తీసేయాలి. పాత ఫ్యాన్ షాఫ్ట్ మీద ఎంత లోపలికి ఉందో క్యాలిపర్‌తో కొలిచి రాసుకోవాలి. 2, 3 మి.మీ. అటూ ఇటూ అయినా చక్రం హౌసింగ్‌కు రాసుకుంటుంది. పాత ప్లాస్టిక్ హబ్ పెళుసుబారి ఉంటుంది, హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడిచేసి పుల్లర్‌తో లాగాలి. చక్రం రెక్కలకు చిన్న రేకు క్లిప్పులు కనబడితే చెత్తనుకుని పీకొద్దు, అవి బ్యాలెన్స్ బరువులు. హీటర్ బాక్స్ మొత్తం విప్పాల్సిన కార్లలో కూలెంట్ తీయాలి, మోటార్ విడిగా ఊడే వాటిలో ఆ శ్రమ లేదు. పాత గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకకుండా తడిపి, మాస్కు పెట్టుకుని తీయండి. కొత్త మోటార్‌తో గ్యాస్కెట్ ఇవ్వకపోతే మూసిన కణాల ఫోమ్ టేపు సరిపోతుంది.

హౌసింగ్ నుంచి మోటార్ వెనక్కి వెళ్లే చిన్న రబ్బరు గొట్టం ఉన్న కార్లలో దాన్ని మళ్లీ తగిలించడం మరవకండి. మోటార్‌ను చల్లబరిచే గాలి అందులోంచే వెళ్తుంది. అది లేకపోతే బ్రష్‌లు త్వరగా పోతాయి, నింద మోటార్ మీద పడుతుంది.

బిగించాక ఫుల్ స్పీడ్‌లో నడుపుతూ మోటార్ ఎర్త్ చివరకూ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కూ మధ్య వోల్టేజ్ చూడండి. అర వోల్టు దాటితే పెయింట్ గీకి ఎర్త్ మళ్లీ బిగించాలి. సప్లై వైపూ ఇలాగే చూడాలి. స్క్విరల్ కేజ్ మోటార్ శబ్దం సన్నబడి పైకెళ్లి, గాలి మాత్రం రావడం లేదంటే మోటార్‌ను అనుమానించొద్దు. ఆకులో దుమ్మో డక్ట్‌లో అడ్డుపడ్డాయి. అడ్డు పెరిగే కొద్దీ ఆ చక్రం మీద భారం తగ్గి ఇంకా వేగంగా తిరుగుతుంది.

మార్చక ముందు పాత మోటార్‌ను ఒకసారి విప్పి చూడటం మంచిది. కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి వలయం) సెగ్మెంట్లు కాలకుండా, ఆర్మేచర్ షార్ట్ కాకుండా ఉంటే కొత్త బ్రష్‌లు, సింటర్డ్ బ్రాంజ్ బుష్‌లు వేసి బుష్ పక్కన నూనె పట్టి ఉంచే ఫెల్ట్‌కు పలచటి మెషిన్ ఆయిల్ రెండు చుక్కలు పోస్తే చాలు. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టొద్దు, ఉన్న నూనెను కడిగేస్తాయి. పాజిటివ్ ఎర్త్ కారు ఉన్నవాళ్లకు ఈ దారే మా మొదటి సలహా. ఆర్మేచర్ మాడిపోయి, రీవైండింగ్ చేసేవాళ్లు దొరకని పరిస్థితిలోనే యూనివర్సల్ మోటార్ కొనండి, అదీ షాఫ్ట్ కొలత చెప్పగలిగే అమ్మకందారు దగ్గరే.