లేటెన్సీమాన్: డ్రైవర్స్ ట్యాబ్ ఒక్కటి చాలు

విండోస్ కంప్యూటర్‌లో ఇంటిదగ్గర రికార్డింగ్ చేసుకునేవాళ్లకు రెస్‌ప్లెండెన్స్ వాళ్ల లేటెన్సీమాన్ (ఆడియోకు ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో కొలిచి చూపే ప్రోగ్రామ్) కొత్తేమీ కాదు. దించుకోవడం, పచ్చ బటన్ నొక్కడం గురించి చెప్పక్కర్లేదు. ఇన్నాళ్లుగా దీన్ని తీసేయకుండా ఉంచుకున్నది డ్రైవర్స్ ట్యాబ్ కోసమే. ఆడియో తెగుతోందంటే బఫర్ (ధ్వనిని ముక్కలుగా పోగుచేసి పంపే తాత్కాలిక నిల్వ) పెంచమనో, ర్యామ్ వేయించమనో, ప్రాసెసర్ మార్చమనో అంటారు. ఈ ట్యాబ్ మాత్రం అడ్డుపడుతున్న డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఫైల్ ఏదో పేరు పెట్టి చూపిస్తుంది. డబ్బు ఖర్చు పెట్టే ముందు తెలియాల్సిన సంగతి అదే.

48 కిలోహెర్ట్జ్‌లో 64 శాంపిళ్ల బఫర్ అంటే 1.33 మిల్లీసెకన్లు. ఆ గడువులోగా ప్లగిన్లన్నీ (ధ్వనిని మార్చే చిన్న ప్రోగ్రాములు) లెక్క ముగించి తర్వాతి ముక్కను ఇంటర్‌ఫేస్‌కు (మైకు, గిటార్, హెడ్‌ఫోన్ తగిలించే ఆడియో పెట్టెకు) అందించాలి. సరిగ్గా అప్పుడే ఏదో డ్రైవర్ తాలూకు డీపీసీ (డిఫర్డ్ ప్రొసీజర్ కాల్, అంటే డ్రైవర్ కాస్త వాయిదా వేసి చేయించుకునే పని) వచ్చి కోర్‌ను 2 మిల్లీసెకన్లు పట్టుకుందంటే ముక్క సమయానికి చేరదు. ఆసియో (ఇంటర్‌ఫేస్‌కు తక్కువ ఆలస్యంతో ఆడియో చేర్చే పద్ధతి) థ్రెడ్‌కు ఎంత ప్రాధాన్యం ఇచ్చినా లాభం ఉండదు, ఎందుకంటే డీపీసీలు థ్రెడ్లన్నిటికీ పై స్థాయిలో నడుస్తాయి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 10 శాతం కూడా లేకపోయినా హెడ్‌ఫోన్‌లో టక్కుమని వినిపించేది ఇందుకే. డీపీసీ 100 మైక్రోసెకన్లు దాటకూడదని డ్రైవర్లు రాసేవాళ్లకు మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ఎన్ని డ్రైవర్లు ఆ గీత దాటుతాయో ఈ ట్యాబ్ తెరిస్తే గానీ తెలియదు.

ఇది ఎంత పనికొస్తుందో ఒక ల్యాప్‌టాప్ దగ్గర బాగా తెలిసొచ్చింది. 128 బఫర్, ఒకే ట్రాక్, దాని మీద ఒకే గిటార్ యాంప్ ప్లగిన్. కాసేపు శుభ్రంగా నడుస్తుంది, తర్వాత ఒక టక్. మళ్లీ అంతే వ్యవధికి ఇంకోటి. బఫర్ 512 చేస్తే చప్పుడు దాదాపు పోతుంది గానీ 512 అంటే ఒక్క వైపుకే 10.7 మిల్లీసెకన్లు. లోపలికీ బయటికీ కలిపితే 21 దాటుతుంది, దానిపైన కన్వర్టర్ల ఆలస్యం. అలా వాయిస్తే మీటిన దానికి వెనకాల స్వరం వస్తుంది, చెయ్యి తాళం తప్పుతుంది.

ప్రాజెక్టు నడుస్తుండగానే లేటెన్సీమాన్ పెట్టి, డ్రైవర్స్ ట్యాబ్‌లో 'హయ్యెస్ట్ ఎగ్జిక్యూషన్' అన్న శీర్షిక మీద నొక్కితే జాబితా పెద్ద అంకె నుంచి కిందికి సర్దుకుంటుంది. అన్నిటికన్నా పైన ఎన్‌డిస్.సిస్ వచ్చింది, 2 మిల్లీసెకన్లకు దగ్గరగా. అది నెట్‌వర్క్ కార్డులన్నీ పంచుకునే ఉమ్మడి పొర కాబట్టి అసలు కారణం దాని వెనక ఉన్న కార్డు. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్లను ఒక్కొక్కటిగా డిజేబుల్ చేస్తూ, ప్రతిసారీ కొలత మొదటి నుంచి మొదలుపెడుతూ పోతే వైఫై కార్డు దగ్గర తేలింది. ఈథర్నెట్ ఆన్‌లో ఉన్నా ఇబ్బంది లేదు. వైఫై కార్డు చుట్టుపక్కల నెట్‌వర్కుల కోసం ఉండి ఉండి వెతుకుతుంది, అందుకే ఆ చప్పుడు వేళ తప్పకుండా వచ్చింది. టాస్క్‌బార్‌లో వైఫై ఆపితే సరిపోలేదు, డివైస్ మేనేజర్‌లోనే ఆపాల్సి వచ్చింది. ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్ తీసి, చిప్ తయారీదారు ఇచ్చే కొత్తది వేస్తే అంకె తగ్గింది గానీ పోలేదు.

పెద్దది పక్కకు తప్పుకున్నాక దాని చాటున ఉన్నది బయటపడింది: పవర్, బ్యాటరీ వ్యవహారాలు చూసే ఎసిపిఐ.సిస్. ల్యాప్‌టాప్‌లలో ఇది తరచూ బ్యాటరీ స్థితి అడగడం వల్ల వచ్చే తంటా. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీల కింద 'ఎసిపిఐ కంప్లయంట్ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ'ని డిజేబుల్ చేస్తే ఆ ఎగుడుదిగుళ్లు పోయాయి. అయితే అలా చేశాక ఛార్జ్ ఎంతుందో కనపడదు, అయిపోతోందన్న హెచ్చరికా రాదు. ఛార్జర్ పెట్టి ఉంచాలి, పని అయ్యాక తిరిగి ఎనేబుల్ చేయాలి. ఈ రెండూ ఆపితే 64 బఫర్‌లోనూ ఆ ప్రాజెక్టు చప్పుడు లేకుండా నడిచింది.

పేరు పెట్టి చూపిస్తుందని పైన అన్నాను. ప్రతిసారీ కాదు. జాబితా పైన డబ్ల్యూడిఎఫ్01000.సిస్ వచ్చిందంటే దాదాపు ఏమీ చెప్పనట్టే, ఎందుకంటే బోలెడన్ని డ్రైవర్లు ఆ ఫ్రేమ్‌వర్క్ మీదే నడుస్తాయి. అప్పుడు వెబ్‌క్యామ్, బ్లూటూత్, కార్డ్ రీడర్ ఒక్కొక్కటే ఆపి చూడాలి, లేదంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ పెర్ఫార్మెన్స్ రికార్డర్‌తో ట్రేస్ తీసి అనలైజర్‌లో వెతకాలి. అది బరువైన పని, అందరికీ చెప్పలేను.

మొదటి పేజీలో వచ్చే తీర్పు వాక్యాన్ని నేనైతే పట్టించుకోవడం మానేశాను. మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే పచ్చగా ఉంటుంది. అదే మెషీన్‌లో పెద్ద శాంపిల్ లైబ్రరీ తెరిస్తే ర్యామ్ చాలక హార్డ్ పేజ్‌ఫాల్ట్‌లు (కావాల్సిన డేటా ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తేవాల్సి రావడం) వస్తాయి. వాటిని ప్రాసెసెస్ ట్యాబ్‌లో చూడాలి, యాంటీవైరస్ స్కాన్‌లోంచి శాంపిళ్ల ఫోల్డర్‌ను మినహాయించాలి. నడుస్తుండగా స్లీప్‌లోకి వెళ్లినా, యూఎస్‌బీ పరికరం తగిలించినా ఒక్క పెద్ద అంకె నమోదై తీర్పు ఎర్రబడొచ్చు. రికార్డింగ్ చేసే ప్రాజెక్టే నడుపుతూ కనీసం పావుగంట కొలవాలి. అంతకన్నా ముందు పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌కు మార్చి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఆపాలి. ఈ మూడూ చేయకుండా ఏ డ్రైవర్‌నూ తప్పుపట్టకూడదు.

దీనికి అందనివీ ఉన్నాయి. క్లాక్ సోర్స్ ఎక్స్‌టర్నల్‌లో ఉండి క్లాక్ అందకపోతే వచ్చే చిటపటలు ఇందులో కనపడవు. మాస్టర్ మీద లీనియర్ ఫేజ్ ఈక్యూ, లుక్‌అహెడ్ లిమిటర్ ఉంటే వచ్చే ఆలస్యమూ అంతే. అది బఫర్ తగ్గించినా పోదు, ట్రాకింగ్ (వాయిస్తూ రికార్డ్ చేయడం) అప్పుడు ఆ ప్లగిన్లను తీసేయాల్సిందే. అసలు మొత్తం ఆలస్యం ఎంతో తెలియాలంటే ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు కేబుల్ పెట్టి, ఆబ్లిక్ ఆడియో వాళ్ల ఆర్‌టీఎల్ యుటిలిటీతో కొలుచుకోవాలి. థెసికాన్ వాళ్ల పాత డీపీసీ లేటెన్సీ చెకర్ ఇంకా వాడేవాళ్లుంటే, విండోస్ 8 నుంచి అది చూపే అంకెలు నమ్మదగ్గవి కావు.

ఎవరికి పనికొస్తుందంటే, ల్యాప్‌టాప్‌లో ప్లగిన్ గుండా వింటూ వాయించే నాలాంటివాళ్లకు చాలా. గొంతు రికార్డ్ చేస్తూ ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటరింగ్‌తో వినేవాళ్లకు అంత అవసరం రాకపోవచ్చు. మిక్సింగ్ మాత్రమే చేసేవాళ్లు బఫర్ 1024లో పెట్టుకుంటే ఈ జోలికే రానక్కర్లేదు. వైఫై లేని డెస్క్‌టాప్‌లో ఒకసారి చూసి తీసేసినా తప్పులేదేమో. నేను మాత్రం ప్రతి పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత ఒకసారి నడుపుతాను, అప్‌డేట్‌తో పాటు డ్రైవర్లు కూడా మారిపోతుంటాయి కాబట్టి.