ఒక్క కంప్యూటర్, ఇంటిల్లిపాదీ: ఫ్యామిలీ సేఫ్టీ చాలాకాలం వాడాక

విండోస్ కంప్యూటర్‌లో పిల్లల వాడకానికి హద్దులు పెట్టే మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఎలా ఉందని అడిగేవాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఇది: పిల్లలు కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చుంటున్నారన్నది బాగా చూసుకుంటుంది, ఏం చూస్తున్నారన్నది సగమే చూసుకుంటుంది. ఆ మిగతా సగం కోసం డబ్బులు పోసి ఇంకేదో కొనాలనుకునేవాళ్లు కొనే ముందు ఇది చదవండి.

మాది హనుమకొండ, నయీంనగర్. హాల్లో ఒకటే డెస్క్‌టాప్. 2020 సెప్టెంబరులో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో స్కూలు పాఠాలు మొదలైన రోజుల్లో పిల్లల కోసమని కొన్నాం. ఇప్పుడు అది అందరిదీ. నేను దానిమీదే జీఎస్టీ రిటర్నులు వేస్తాను, మా ఆయన కరెంటు బిల్లు దగ్గర్నుంచి రైలు టికెట్ల దాకా దాంట్లోనే చూసుకుంటారు, అత్తమ్మ బతుకమ్మ పాటలు, భద్రకాళి అమ్మవారి అలంకారాలు చూస్తారు. పాప పదో తరగతి, బాబు ఆరో తరగతి.

ఇలా ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటర్‌లో అన్నింటికన్నా ముందు చేయాల్సింది ఎవరి లాగిన్ వాళ్లకు పెట్టడం. అందరూ ఒకే లాగిన్‌తో వాడుతుంటే ఫ్యామిలీ సేఫ్టీ పెట్టినా లాభం లేదు, ఎందుకంటే అది మనిషిని బట్టి పనిచేస్తుంది. ఒక కుటుంబం కింద ఆరుగురి దాకా చేర్చుకోవచ్చు, మామూలు వాడకానికి పైసా కట్టక్కర్లేదు. పిల్లలకు మైక్రోసాఫ్ట్ ఖాతాలు తెరిచి, కంప్యూటర్‌లో వాళ్ల లాగిన్లను సెట్టింగులన్నీ మార్చగలిగే అడ్మిన్‌గా కాకుండా మామూలు యూజర్‌గా ఉంచాలి. అడ్మిన్ పిన్ పిల్లల ముందు కొట్టకూడదు. నాలుగంకెల పిన్ వేలి కదలికను బట్టే పట్టేస్తారు, అందుకే మేం అక్షరాలు, అంకెలు కలిపి పొడవైనది పెట్టుకున్నాం. పనిలోంచి లేచేటప్పుడు విండోస్ బటన్, ఎల్ కలిపి నొక్కి లాక్ చేయడం ఇంట్లో అందరికీ అలవాటైంది. ఈ ఒక్క అలవాటు లేకపోతే అడ్మిన్ లాగిన్ హాల్లో తెరిచి పెట్టినట్టే, మిగతా సెట్టింగులు ఎన్ని ఉన్నా దండగ.

టైం లిమిట్ విషయంలో నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. రోజుకు ఎన్ని గంటలు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అన్నది వారంలో ఏ రోజుకు ఆ రోజు విడిగా పెట్టుకోవచ్చు. స్కూలు రోజుల్లో బాబుకు సాయంత్రం ఒక గంట, ఆదివారం కొంచెం ఎక్కువ, దసరా సెలవులకు వేరే లెక్క. టైం దగ్గర పడగానే ముందే హెచ్చరిక వస్తుంది, అయిపోతే తెర మూసుకుపోతుంది. ఇంతకుముందు "లే, ఇక చాలు" అని నేను అరవడం, వాడు అలగడం రోజూ ఉండేది. ఇప్పుడు ఆ మాట మిషన్ చెబుతుంది. కావాలంటే అక్కడి నుంచే ఇంకాస్త టైం అడగొచ్చు, అది నా ఫోన్‌కు వస్తుంది. ప్రాజెక్టు పని ఉంటే ఇస్తాను, లేకపోతే లేదు.

ఇందులో నాకు బాగా నచ్చింది ఈ అడిగే పద్ధతే. బాబుకు మేం అనుమతించిన సైట్లు మాత్రమే తెరుచుకునేలా పెట్టాం. ప్రభుత్వ పాఠాల సైటు దీక్ష, తెలుగు వికీపీడియా, వాడు బొమ్మలు ఆడించి ప్రోగ్రాములు రాసుకునే స్క్రాచ్, ఇంకొన్ని. కొత్తది కావాలంటే అడగాలి. ఒకరోజు మధ్యాహ్నం నేను సుబేదారిలో క్లయింట్ దగ్గర ఉన్నప్పుడు ఫోన్‌కు రిక్వెస్ట్ వచ్చింది. పేరు చూస్తే, గేముల్లో వాడే డైమండ్లు ఉచితంగా ఇస్తామనే సైటు. ఇంటికి ఫోన్ చేస్తే అత్తమ్మ ఎత్తి వాడికిచ్చారు.

"అమ్మా, మా క్లాసోడు చెప్పిండు. నంబర్ కొట్టి ఓటీపీ పెడితే ఫ్రీగ వస్తయట. జర ఓపెన్ చెయ్యవా?"

"ఎవరి నంబర్ రా?"

"నానమ్మదే."

అత్తమ్మ పెన్షన్ పడే ఖాతాకు లింకై ఉన్నది ఆ నంబరే. గట్టిగా తిట్టలేదు, ఎందుకంటే వాడు దొంగచాటుగా చేయలేదు, అడిగాడు. సాయంత్రం ఇంటికొచ్చాక నానమ్మనూ మనవడినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఓటీపీ అంటే ఏమిటో, దాన్ని ఎవరికీ ఎందుకు ఇవ్వకూడదో చెప్పాను. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే చేయాల్సిన 1930 నంబరు మానిటర్ పక్కన గోడకు అంటించాం. పిల్లలకు ఏ ఆపదొచ్చినా పలికే 1098 దాని కిందే రాశాం.

ఇప్పుడు లోటుపాట్లు. వెబ్ ఫిల్టర్ పనిచేసేది ఎడ్జ్ బ్రౌజర్‌లో మాత్రమే. ఫిల్టర్ ఆన్ చేస్తే క్రోమ్ లాంటి మిగతా బ్రౌజర్లను ఆ పిల్లల లాగిన్‌లో ఆపేస్తుంది. స్కూలు వాళ్లు ఇచ్చిన గూగుల్ క్లాస్‌రూమ్ ఎడ్జ్‌లోనూ తెరుచుకుంటుంది కాబట్టి పని ఆగలేదు కానీ, పాప అలవాటు మార్చుకోవడానికి కొన్నాళ్లు పట్టింది.

అసలు చిక్కు యూట్యూబ్. సైటు మొత్తం తెరవాలి, లేదంటే మొత్తం మూయాలి. లోపల ఏ వీడియో నడుస్తుందో ఫిల్టర్‌కు సంబంధం లేదు. యూట్యూబ్‌లో రిస్ట్రిక్టెడ్ మోడ్ ఉంది, అది పెడితే కామెంట్లు కనిపించవు, పెద్దల వీడియోలు చాలావరకు పోతాయి. అయితే ఏ ఫిల్టరూ నూటికి నూరు శాతం కచ్చితం కాదని యూట్యూబే చెబుతుంది. బాబు లాగిన్‌లో యూట్యూబ్ మూసేశాం, పాఠాల వీడియో ఏదైనా కావాలంటే నా లాగిన్‌లో నేను పక్కన ఉన్నప్పుడు చూస్తాడు. పాపకు తెరిచే ఉంచాం.

రౌటర్‌లో డీఎన్ఎస్, అంటే సైటు పేరును బట్టి దాని చిరునామా వెతికిపెట్టే సర్వీసు, మార్చడం కూడా చేశాం. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లు 2020 ఏప్రిల్‌లో కుటుంబాల కోసం తెచ్చిన 1.1.1.3, 1.0.0.3 అనే చిరునామాలు పెడితే అశ్లీల సైట్లు, వైరస్ సైట్లు ఇంటి వైఫై మీద చాలావరకు తెరుచుకోవు. ఇదీ ఉచితమే. కానీ దానికి తెలిసేది సైటు పేరు వరకే, పేజీలో ఏముందో తెలియదు. ఫోన్ హాట్‌స్పాట్‌కు మారితే దాని పని అక్కడితో సరి. అయినా పెట్టమనే చెబుతాను, తెలియక నొక్కిన లింకుల నుంచి అత్తమ్మను కూడా ఇది కాపాడుతుంది.

మధ్యలో కొంతకాలం ఏడాది చందా కట్టి ఇంకో నిఘా సాఫ్ట్‌వేర్ వాడాం, పేరు అనవసరం. కొట్టిన ప్రతి అక్షరం రాసుకుంటుంది, తెరను ఫొటోలు తీసి పంపుతుంది. జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం కోసం పాప తెరిచిన పేజీలను ఇంగ్లీషు మాటలు చూసి ఆపేసేది, తెలుగు లిపిలో రాసిన చెత్తను మాత్రం వదిలేసేది. అంతకంటే పెద్ద సమస్య, అది కంప్యూటర్ మొత్తం మీద కూర్చుంటుంది. నా క్లయింట్ల పాన్ నంబర్లు, లెక్కలు కూడా ఆ ఫొటోల్లో పడ్డాయి. అవి ఎక్కడి సర్వర్‌కు వెళ్తున్నాయని అడిగితే సరైన జవాబు రాలేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి అంటుంది. సమ్మతి ఇచ్చే చేయి మనదే కాబట్టి, పిల్లల తెర ఫొటోలను ఎవరి చేతుల్లో పెడుతున్నామో చూసుకోవాల్సింది మనమే. దాన్ని తీసేశాం.

ఇక వారం వారం వచ్చే రిపోర్టు. ఎడ్జ్‌లో తెరిచిన సైట్లు, వెతికిన మాటలు, కూర్చున్న గంటలు అన్నీ అందులో ఉంటాయి. బాబుది వాడితో కలిసే చూస్తాను, వాడికి అదో సరదా. పాప తొమ్మిదిలో ఉండగా ఒక వారం రిపోర్టులో "పరీక్ష రాసేటప్పుడు చేతులు వణుకుతున్నాయి ఏం చేయాలి" అని వెతికినట్టు కనిపించింది. అది నాకు చెప్పుకోవాల్సిన మాట, సెర్చ్ పెట్టెలో చెప్పుకుంది. నేను చదివానని దాచకుండా చెప్పి మాట్లాడాను. పాప కాసేపు ఏమీ అనలేదు, తర్వాత, "నువ్వు చదువుతవని తెలిస్తే ఇంక అట్లాంటివి అండ్ల కొట్టనమ్మా" అంది.

ఆ మాట విన్నాక పదో తరగతి మొదలుకాగానే పాప ఖాతాలో యాక్టివిటీ రిపోర్టింగ్ ఆపేశాం. టైం లిమిట్, ఫిల్టర్ అలాగే ఉన్నాయి, ఆ మూడూ వేటికవే విడిగా పెట్టుకోవచ్చు. ఈ సౌకర్యం ఉందని చాలామందికి తెలియదు. పదిహేనేళ్ల పిల్ల ఏం వెతికిందో ప్రతి వారం తల్లి చదవడం నాకు సబబుగా అనిపించలేదు. మా ఆయనకు ఇది ఇప్పటికీ పూర్తిగా ఇష్టం లేదు. పరీక్షలకు ముందు మళ్లీ ఆన్ చేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. పాప ఇప్పుడు రాత్రి చదువు అయ్యాక వంటింట్లోకి వచ్చి నిలబడి మాట్లాడుతోంది, రిపోర్టులో దొరకని సంగతులు చాలా అక్కడే తెలుస్తున్నాయి.

విండోస్ 10 మీద ఉన్నవాళ్లకు ఇంకొక విషయం: 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, పాత డెస్క్‌టాప్‌లో పిల్లల లాగిన్లు పెట్టే ముందు అది చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ ఫ్యామిలీ లింక్ వేరే ఉంది. బాబుకు ఇంకా ఫోన్ ఇవ్వలేదు కాబట్టి దాని గురించి చెప్పేంత వాడలేదు.