కొన్న గేమ్‌ను మళ్లీ అమ్ముకోవడం: పదకొండేళ్ల పాల లెక్క

మా టీవీ స్టాండ్ కింది అరలో ఇప్పుడు 9 గేమ్ డిస్కులున్నాయి. 2014లో పీఎస్4 (సోనీ ప్లేస్టేషన్ 4, టీవీకి తగిలించి ఆడే గేమ్ కన్సోల్) కొన్నప్పటి నుంచి ఆ అరలోకి వచ్చి మళ్లీ గడప దాటినవి 71. ఏది ఎంతకు కొన్నానో, ఎంతకు అమ్మానో ఎక్సెల్ షీట్‌లో రాసుకోవడం నాకున్న పిచ్చి. మా ఆవిడ దాన్ని పాల లెక్క అంటుంది. అదే ఫైల్లో రెండో షీట్ ఒకటుంది, ప్లేస్టేషన్ అకౌంట్ మీద డిజిటల్‌గా, అంటే డిస్కు లేకుండా డౌన్‌లోడ్ రూపంలో కొన్నవాటికి. అందులో “అమ్మిన ధర” గడులు పై నుంచి కింది దాకా ఖాళీ. సెకండ్ హ్యాండ్ గేమ్స్ కొనొచ్చా, అమ్మితే ఎంతొస్తుంది అని ఆఫీసులో నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నా.

పీఎస్4, పీఎస్5 డిస్కుకు అకౌంట్‌తో ముడి లేదు. డిస్కు ఎవరి కన్సోల్‌లో ఉంటే వాళ్లు ఆడుకోవచ్చు. గేమంతా లోపల ఇన్‌స్టాల్ అయినా సరే, ఆడే ప్రతిసారీ డిస్కు పెట్టాల్సిందే. తాళంచెవి అదే. అమ్మేశాక మన దగ్గర మిగిలేవి ఎక్కడిదాకా ఆడామో దాచే సేవ్ ఫైళ్లు, ట్రోఫీలు, విడిగా కొన్న డీఎల్‌సీలు (ఆటకు డౌన్‌లోడ్ చేసుకునే అదనపు భాగాలు). నా జీటీఏ 5 డిస్కు 2016లో వెళ్లిపోయింది. రెండేళ్ల తర్వాత బుద్ధి పుట్టి ఇంకో పాత డిస్కు 600కి తెచ్చి పెడితే, జీటీఏ ఆన్‌లైన్ గ్యారేజీలో నా కార్లు దుమ్ము కూడా పట్టకుండా నిలబడి ఉన్నాయి. డిస్కు చేతులు మారింది గానీ కార్లు నా అకౌంట్ దాటలేదు.

లెక్కకొస్తే, ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 వచ్చింది 2020 జూన్‌లో. సీల్డ్ కాపీ 3,999. మూడు వారాల్లో ముగించి 2,900కి ఇచ్చేశా. ఆట నాకు పడింది 1,099. గాడ్ ఆఫ్ వార్ అయితే సెకండ్ హ్యాండ్‌లోనే 1,800కి తెచ్చి, అయిదు నెలలు ఉంచుకుని 1,600కి అమ్మా. ఆ 200తో మల్టీప్లెక్స్‌లో టికెట్టు వస్తుందేమో, పాప్‌కార్న్ మాత్రం రాదు. కథ ఉన్న ఆటలు ముగించిన వారంలోనే అమ్మేయాలి. అవి సేల్‌లోకి వచ్చిన రోజే పాత డిస్కు ధర పడిపోతుంది. ఫుట్‌బాల్ ఆట కొనడం పెరుగు కొన్నట్టే, ఉంచేకొద్దీ పులుస్తుంది. సెప్టెంబర్‌లో కొత్తది దిగేసరికి పాతది 400కి కూడా అడిగే నాథుడుండడు. ఆ ఆటలోని అల్టిమేట్ టీమ్ అనే విభాగంలో డబ్బు పోసి తెచ్చుకున్న ఆటగాళ్లు డిస్కుతో పాటు వెళ్లరు, వాళ్లను ఎవరికీ అమ్మలేం.

ఎక్కడ అమ్మాలి? సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, కంప్యూటర్లూ ఎలక్ట్రానిక్స్ అమ్మే షాపుల కాంప్లెక్స్, నాకు బడి లాంటిది. డిస్కును ట్యూబ్‌లైట్ కింద వాలుగా పట్టుకుని గీతలు చూడటం అక్కడే నేర్చుకున్నా. షాపులో ఇస్తే బేరం అయిదు నిమిషాల్లో తెగుతుంది, కానీ వాళ్లు 1,800కి అమ్మే డిస్కుకు మన చేతిలో పెట్టేది వెయ్యి. వాళ్లకూ అద్దెలున్నాయి, తప్పు పట్టను. నేరుగా అమ్మితే ఆ ఎనిమిది వందలు మిగులుతాయి, బదులుగా ఓపిక ఖర్చవుతుంది. పాత వస్తువులు అమ్ముకునే యాప్‌లో పెట్టిన గంటలో మెసేజ్‌లు మొదలవుతాయి: “లాస్ట్ ఎంత అన్నా?” రెండు వేలు తమ్ముడూ. “పదిహేను వందలకి ఇయ్యరాదన్నా, స్టూడెంట్‌ని.” నేను ఆర్మీలో ఉన్నాను, డబ్బు పంపిస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి అన్నవాడు కూడా తగిలాడు. డబ్బు తీసుకోవడానికి స్కానూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు. ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు. నేను మెట్రో స్టేషన్ మెట్ల కింద తప్ప ఎక్కడా ఇవ్వను. డిస్కు నా కన్సోల్‌లో తెరుచుకుంటున్న వీడియో ముందే పంపిస్తా. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటివి కొనేటప్పుడు కేస్ తెరిచి రెండు డిస్కులూ ఉన్నాయో లేదో చూడండి. ఒకటి ఇన్‌స్టాల్‌కి, ఒకటి ఆడటానికి. ఒకసారి ఆడే డిస్కు ఒక్కటే ఉన్న కేసుతో ఇంటికొచ్చి, ఖాళీ గడి వైపు చూస్తూ కూర్చున్నా.

డిస్కు చేతికొచ్చినంత మాత్రాన ఆట మొత్తం వచ్చినట్టు కాదు. కేసులో కాగితం మీద అదనపు భాగానికి కోడ్ ఉంటే అది ఒక్కసారే పనిచేస్తుంది. వాడినవాడి అకౌంట్‌కు అతుక్కుపోతుంది, ఆ కాగితం ఇక పాత బస్సు టికెట్టే. పీఎస్5 స్పైడర్‌మ్యాన్ మైల్స్ మోరాలెస్ అల్టిమేట్ ఎడిషన్ దీనికి మంచి ఉదాహరణ. డిస్కులో ఉన్నది మైల్స్ మోరాలెస్ ఒక్కటే, పాత స్పైడర్‌మ్యాన్ రీమాస్టర్డ్ వచ్చేది కోడ్ రూపంలో. కోడ్ వాడేసిన అల్టిమేట్‌ను అల్టిమేట్ ధరకు అమ్మేవాళ్లు కోకొల్లలు. అట్ట మీద పేరు చూసి మోసపోకండి. హొరైజన్ జీరో డాన్ కంప్లీట్ ఎడిషన్‌లో మాత్రం అదనపు భాగం కూడా డిస్కులోనే ఉంది. అలాంటివి ఎన్ని చేతులు మారినా పూర్తిగానే వెళ్తాయి.

ఈ కోడ్ల కథ పాతదే. పీఎస్3 కాలంలో, 2010లో, ఈఏ అనే గేమ్స్ కంపెనీ ఆన్‌లైన్ పాస్ అని పెట్టింది. కొత్త కాపీ కొన్నవాడికి కోడ్ ఉచితం, పాతది కొన్నవాడు ఆన్‌లైన్ ఆడాలంటే 10 డాలర్లు కట్టాలి. 2011లో బ్యాట్‌మ్యాన్ ఆర్కమ్ సిటీలో క్యాట్‌వుమన్ భాగాన్నే కోడ్‌లో దాచారు, అది ఆన్‌లైన్ ఆట కూడా కాదు. 2013లో ఈఏ ఆ పాస్ పద్ధతి ఎత్తేసింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన కొత్త కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్ డిస్కులనే అకౌంట్‌కు కట్టేస్తామంది. రోజుకోసారి కన్సోల్ ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోవాలి, స్నేహితుడికి ఇవ్వాలంటే వాడు మన లిస్టులో 30 రోజులుగా ఉండాలి, అదీ ఒక్కసారే. సోనీ ఊరుకుంటుందా, ఒకాయన ఇంకొకాయన చేతికి డిస్కు అందించే 22 సెకన్ల వీడియో వదిలింది, పీఎస్4లో గేమ్ ఇచ్చుకోవడం ఇలాగ అని. జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది. నేను పీఎస్4 వైపు మొగ్గడానికి సగం కారణం ఆ వీడియోనే.

అమెరికా డిస్కుల గురించి ఒక మాట. మా బావ డాలస్ నుంచి వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో రెండు మూడు తెచ్చేవాడు. ఆట చక్కగా నడుస్తుంది, ఎందుకంటే డిస్కులకు రీజియన్ అడ్డు లేదు. కానీ మన ఇండియా అకౌంట్‌తో కొన్న డీఎల్‌సీ ఆ డిస్కుకు అంటదు. డిస్కు ఏ ప్రాంతానిదో డీఎల్‌సీ కొన్న స్టోరూ ఆ ప్రాంతానిదే కావాలి. ఇది తెలియక 1,200 పెట్టి కొన్న విస్తరణ భాగం ఇప్పటికీ నా లైబ్రరీలో పనీపాటా లేకుండా పడి ఉంది. ఈ డిస్కు అమ్మేటప్పుడు నేను ప్రకటన మొదటి లైన్లోనే అమెరికా కాపీ అని రాస్తా. రాయని వాళ్లే ఎక్కువ.

పీసీ గేమ్స్‌లో మళ్లీ అమ్ముకోవడానికేమీ లేదు, సున్నా. 2013లో కోఠిలో పాత సీడీల బండి మీద స్కైరిమ్ డీవీడీ కనిపిస్తే ఎగిరి గంతేసి 300కి తెచ్చుకున్నా. పెట్టె మెరుస్తోంది, మ్యాప్ కూడా ఉంది. ఇంటికొచ్చి పెట్టెలో ఉన్న యాక్టివేషన్ కీ కొడితే, ఇది ఇప్పటికే వేరే అకౌంట్‌లో వాడేశారని వచ్చింది. ఆ డీవీడీ స్టీమ్ (పీసీ గేమ్‌ల ఆన్‌లైన్ స్టోర్) అకౌంట్‌కు ఎక్కితే తప్ప నడవదని నాకప్పుడు తెలీదు. 2004లో హాఫ్‌లైఫ్ 2తోనే ఆ పద్ధతి మొదలైంది. మ్యాప్ కొన్నాళ్లు గోడకు అంటించుకున్నా, అంతే. యూరప్‌లో దీని మీద కోర్టులకెక్కారు. డౌన్‌లోడ్ చేసిన సాఫ్ట్‌వేర్ లైసెన్సును మళ్లీ అమ్ముకోవచ్చని 2012లో ఒరాకిల్ కేసులో యూరప్ కోర్టు చెప్పింది. ఆ ఊపులో ఫ్రాన్స్ వినియోగదారుల సంఘం స్టీమ్ మీద కేసు వేసి 2019లో పారిస్‌లో గెలిచింది. నేను మా గ్రూపులో స్వీట్లు పంచినంత పని చేశా. 2022లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది: గేమ్ అంటే ఉత్త సాఫ్ట్‌వేర్ కాదు, బొమ్మలూ సంగీతమూ కథా కలిసిన కృతి, కాబట్టి ఆ తీర్పు దీనికి వర్తించదట. గేమ్‌కు ఇంత గౌరవం దక్కిందని సంతోషించాలో ఏడవాలో అర్థం కాలేదు.

ఇక అకౌంట్లనే అమ్మే వ్యాపారం. ఇది మన దగ్గర బాగా నడుస్తోంది, నేనూ దిగాను కాబట్టి కాస్త వివరంగా చెప్తా. అమ్మేవాడు ఒక అకౌంట్ మీద డిజిటల్ గేమ్ కొని దాన్ని రెండుగా అమ్ముతాడు. “ప్రైమరీ” కొన్నవాడు ఆ అకౌంట్‌తో లాగిన్ అయి, తన కన్సోల్‌ను దానికి ప్రైమరీగా పెట్టుకుని, గేమ్ దించుకుని, తర్వాత హాయిగా తన సొంత అకౌంట్‌తో ఆడుకుంటాడు. “సెకండరీ” వాడికి ధర తక్కువ. ఆడినంతసేపూ ఆ అకౌంట్‌తోనే, ఇంటర్నెట్ ఉంచుకునే ఆడాలి. ఇంట్లో అన్నదమ్ములు పంచుకోవడానికి పెట్టిన ఏర్పాటును ఇలా దుకాణం చేశారు. 2019లో రెడ్ డెడ్ 2 ప్రైమరీ 900కి ఇస్తానన్నాడు ఒకతను, చాట్‌లోనే పరిచయం. నూరు జీబీ పైన దించుకున్నా, ఆట హీరో ఆర్థర్‌కు గడ్డం పెంచుకున్నా, నాలుగో అధ్యాయం దాకా వచ్చా. ఒక శనివారం పొద్దున కన్సోల్ వేస్తే గేమ్ బొమ్మ మీద చిన్న తాళం గుర్తు.

మెసేజ్ పెడితే, “బ్రో, మీరు కన్సోల్ ఫార్మాట్ చేసుంటారు” అన్నాడు. చేయలేదు నాయనా. తర్వాత తెలిసింది. అకౌంట్ యజమాని ఆరు నెలలకోసారి వెబ్‌సైట్ నుంచి అన్ని కన్సోళ్లనూ ఒకేసారి డీయాక్టివేట్ చేయొచ్చు. చేసేసి నా వాటాను ఇంకొకరికి అమ్ముకున్నాడు. రెండు రోజుల తర్వాత నా నంబర్ బ్లాక్. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేద్దామంటే ఏ మొహం పెట్టుకుని చేస్తాం? అకౌంట్ కొనడం, అమ్మడం నిబంధనలకు విరుద్ధమని ఒప్పుకుని టిక్ పెట్టింది నేనే కదా. పాస్‌వర్డ్ మార్చుకున్నా, ఈమెయిల్ మార్చుకున్నా ఆ అకౌంట్ మొదట తెరిచినవాడిదే. కొన్నప్పటి బిల్లు వివరాలు అతని దగ్గరుంటాయి, కావాలంటే వెనక్కి లాక్కుంటాడు. నిజాయితీగా నడిపేవాళ్లు లేరని అనను, మా కొలీగ్ ఒకతను మూడేళ్లుగా ఒకరి దగ్గరే తీసుకుంటున్నాడు. నా సలహా మాత్రం వద్దనే. ఆ 900 పోయాక 1,600 పెట్టి డిస్కు తెచ్చుకుని, ఆడి, 1,300కి అమ్మేశాను.

దీనికి తోబుట్టువే “25 గేమ్స్ లోడెడ్” అని అమ్మే పాత పీఎస్4. వరంగల్‌లో మా పెదనాన్న కొడుకు సంబరంగా తెచ్చుకున్నాడు. ఆ ఇరవై అయిదూ పాత యజమాని అకౌంట్ మీదున్నవి. కన్సోల్ మీకు అమ్మాడు, అకౌంట్ అమ్మలేదు. నెల తిరక్కుండానే అన్నిటి మీదా తాళాలు. పాత కన్సోల్ కొనేటప్పుడు లోపల ఎన్ని గేమ్స్ ఉన్నాయన్నదానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. ఎదురుగా పూర్తిగా రీసెట్ చేయించి, అప్పుడు ధర మాట్లాడండి. పక్కన పెట్టిన డిస్కులకైతే వేరే లెక్క, అవి నిజంగా మీవి.

డిస్కు లేని కన్సోల్ కొనొచ్చా అని అడుగుతారు. 2021 ఫిబ్రవరిలో పీఎస్5 మన దగ్గర దిగినప్పుడు డిస్కుది 49,990, డిజిటల్‌ది 39,990. 2024లో దాని సన్నటి మోడల్ స్లిమ్ వచ్చినప్పుడూ అదే తేడా, 54,990, 44,990. ఆ పదివేలు నా షీట్ ప్రకారం ఎనిమిది గేముల్లో వెనక్కి వచ్చాయి. ఏడాదికి ఒకటో రెండో ఆడేవాళ్లకు, సేల్ వచ్చేదాకా ఆగగలిగేవాళ్లకు డిజిటల్ నష్టమేమీ కాదు. నా రెండో షీట్‌లోవన్నీ అలా 70 శాతం తగ్గింపులో తీసుకున్నవే. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు, ఆడిన డబ్బు అనుకున్నా. కాలిఫోర్నియాలో 2025 నుంచి ఇలాంటివి అమ్మేవాళ్లు, మీకిస్తున్నది లైసెన్సు మాత్రమేనని చెప్పకుండా “కొనండి” అనే మాట వాడకూడదని చట్టం వచ్చింది. మన స్టోర్‌లో బటన్ చూసినప్పుడల్లా అది గుర్తొస్తుంది.

డిస్కు పక్షం వహించి ఇంత చెప్పాను గానీ, అదీ వెనకటి డిస్కు కాదిప్పుడు. 2022 కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 పీఎస్5 డిస్కులో ఉన్నది సుమారు 70 ఎంబీ. మిగతాదంతా డౌన్‌లోడే. అమ్ముకోవచ్చు, నేనూ అమ్మా, సర్వర్లు నడిచినన్నాళ్లు అది తాళంచెవే. ది క్రూ అనే కార్ల ఆట సర్వర్లను దాని కంపెనీ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. దాంతో డిస్కులున్నవాళ్ల చేతుల్లో కూడా ఆట లేదు. నా దగ్గరున్న కాపీ అంతకు ముందే 350కి పోయింది. ఎవరి ఇంట్లో ఉందో పాపం, తలచుకుంటే కాస్త గిల్టీగానే ఉంటుంది.

పోయిన ఆదివారం ఉప్పల్ మెట్రో దగ్గర 71వ డిస్కు ఇచ్చా, ఘోస్ట్ ఆఫ్ సుషిమా. ఇంటర్ చదివే పిల్లాడు, నాన్నను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ల నాన్న డిస్కును నాలాగే వెలుతురుకు వాలుగా పట్టుకుని చూశాడు, ఎక్కడ నేర్చుకున్నాడో. ఫోన్‌పే చేశాక పిల్లాడు అడిగాడు, “అన్నా, మీరు ఆడిన సేవ్ కూడా దీంట్లోనే వస్తదా?”

“రాదు తమ్ముడూ. మొదటి నుంచి ఆడుకోవాలె.”

“మంచిగనే ఉంది మరి,” అని కేసు సంచిలో పెట్టుకుని మెట్లెక్కాడు.