‘ఆల్ ట్యూబ్’ ఆంప్ పేరుతో మోసం: గిటార్ వాయించేవాళ్లు జాగ్రత్త

చేత్తో కట్టిన 5 వాట్ల ట్యూబ్ ఆంప్ (గిటార్ సౌండ్‌ను పెంచే స్పీకర్ డబ్బా; ట్యూబులంటే పాత రేడియోల్లో వెలిగే గాజు వాల్వులు) అని ఒకాయన అమ్ముతున్నాడు. కొనకండి. పేరు రాయను. కరీంనగర్ వైపు సెకండ్ హ్యాండ్ పెడళ్లు, ప్రాసెసర్లు అమ్మే మనిషి అంటే మన దగ్గర గిటార్ పట్టుకునేవాళ్లలో సగం మందికి తెలిసిపోతుంది. నల్ల రెగ్జిన్ డబ్బా, ముందు గోధుమరంగు బట్ట, వెనక జాలీలోంచి రెండు ట్యూబులు ఎర్రగా కనబడతాయి. ఆ డబ్బాకు 28,000 పోశాను. ఆ ట్యూబులు వెలగడం తప్ప ఏ పనీ చేయవు.

నాది హన్మకొండలో అద్దె ఇల్లు, పైన ఓనర్ వాళ్లుంటారు. రాత్రిపూట ఇంట్లోనే రికార్డ్ చేసుకుంటాను. ట్యూబ్ ఆంప్ అసలు మజా పవర్ ట్యూబ్‌ను (స్పీకర్‌ను నడిపే ట్యూబ్‌ను) గట్టిగా నెట్టినప్పుడే ఉంటుంది. 15 వాట్ల ఫెండర్ బ్లూస్ జూనియర్ ఆంప్‌ను అలా నెడితే ఓనర్ ఆంటీ మెట్లు దిగి వస్తుంది. తక్కువ వాట్లు అంటే చిన్న సౌండ్ అనుకునేవాళ్ల కోసం చెప్తున్నా, వాట్లు పదో వంతుకు తగ్గితే చెవికి సౌండ్ దాదాపు సగమే తగ్గుతుంది. 5 వాట్లకే ఇల్లు దద్దరిల్లుతుంది. ఒక్క వాటు కూడా పడకగదికి ఎక్కువే. అందుకే మొదట బ్లాక్‌స్టార్ హెచ్‌టీ-1 లాంటి ఒక వాటుది, లేదా 5 నుంచి 1కి, 0.1కి దించుకునే స్విచ్ ఉన్న బుగేరా వీ5 చూశాను. నేను తిరిగిన వరంగల్ షాపుల్లో ఇవి లేవు, తెప్పిస్తాం అన్నవాళ్లు చెప్పిన ధరకు గుండె గుభేలుమంది. అప్పుడు ఈయన ప్రకటన కనబడింది. ‘ఫెండర్ చాంప్ 5ఎఫ్1 సర్క్యూట్, హ్యాండ్ వైర్డ్, ఆల్ ట్యూబ్.’

చాంప్ 5ఎఫ్1 అంటే ఫెండర్ కంపెనీ పాత చిన్న ఆంప్. అందులో ముందు గిటార్ సిగ్నల్‌ను పెంచే చిన్న ట్యూబ్ ఒక 12ఏఎక్స్7, వెనక పవర్ ట్యూబ్ ఒక 6వీ6, రెక్టిఫయర్‌గా (ఏసీని డీసీగా మార్చేది) ఒక 5వై3. మొత్తం మూడు ట్యూబులు. ఫొటోలో రెండే ఉన్నాయి. నేనేమీ అడక్కుండా కొనలేదండీ, అడిగాను. “రెక్టిఫయర్‌కు డయోడ్లు పెట్టిన అన్నా, బాస్ టైట్‌గ వస్తది” అన్నాడు. అది నిజంగానే చాలామంది చేసే మార్పు. డయోడ్లు పెడితే గట్టిగా కొట్టినప్పుడు వోల్టేజ్ కుంగడం తగ్గుతుంది, సౌండ్ బిగువుగా ఉంటుంది. సబ్జెక్ట్ తెలిసినవాడే ఇలా సరిగ్గా అబద్ధం చెప్పగలడు. నేనేమో ‘అబ్బ, ఎంత నాలెడ్జ్’ అని మురిసిపోయాను.

వాళ్లింటికి వెళ్లేసరికి ఆంప్ ఆన్ చేసి ఉంది. “మీరొస్తరని వేడెక్కించి పెట్టిన అన్నా” అన్నాడు. చాయ్ ఇచ్చాడు. ఎంత మర్యాద! నా గిటార్ పెట్టి వాయించాను, క్లీన్ టోన్ (బరబర లేని సాఫీ సౌండ్) బాగుంది. ఒకసారి వెనక పలక విప్పి చూపించమన్నాను. “వద్దన్నా, లోపల 350 వోల్టులుంటయ్. ప్లగ్ తీసినా కెపాసిటర్లల్ల నిలబడి ఉంటది. మీకేమన్నయితే ఇంటోళ్లకు నేనేం చెప్పాలె?” అన్నాడు. అది కూడా నిజమే. నిజం ట్యూబ్ ఆంప్‌లో ప్లగ్ తీశాక కూడా ప్రాణం తీసేంత వోల్టేజ్ మిగిలి ఉంటుంది, తెలియనివాళ్లు చెయ్యి పెట్టకూడదు. ఈయన డబ్బాలో మాత్రం గోడ నుంచి వచ్చే 230 తప్ప పెద్ద వోల్టేజ్ ఎక్కడా లేదు. నా ప్రాణం గురించి అంత బెంగ పడ్డాడు మరి.

ఇంటికొచ్చి ఎస్‌ఎం57 మైక్ స్పీకర్‌కు దగ్గరగా పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టాను. క్లీన్ పర్వాలేదు. వాల్యూమ్ పెంచితే పాత గుడ్డ చింపినట్టు బరబరా వస్తోంది. ట్యూబ్ అయితే సౌండ్ మెల్లగా, గుండ్రంగా విరగాలి. ఫోన్ చేస్తే “స్పీకర్ కొత్తది అన్నా, వాడంగ వాడంగ సెట్టయితది” అన్నాడు. సరే అనుకున్నాను. అంతకుముందే క్లీన్ టోన్ విని ‘సూపర్ టోన్ అన్నా, థాంక్యూ’ అని ఒక ఎర్ర గుండె బొమ్మ కూడా తగిలించి మెసేజ్ పెట్టాను. ఆ మెసేజ్ గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది.

గుట్టు బయటపెట్టింది మన కరెంటోళ్లు. రాత్రి వాయిస్తుంటే కరెంట్ పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది కాబట్టి లేవకుండా గిటార్ పట్టుకొని అలాగే కూర్చున్నాను. చీకట్లో ఊరికే తీగలు గీకుతున్నాను. కరెంట్ వచ్చింది. ఆ క్షణంలోనే ఆంప్ ఖంగుమని మోగింది. వెనక్కి తిరిగి చూస్తే ట్యూబులు ఇంకా నల్లగానే ఉన్నాయి. అవి నిదానంగా ఎర్రబడుతుంటే నేను అప్పటికే గిటార్ మీద రెండు కార్డులు (కలిపి మోగించే స్వరాలు) వాయించేశాను. కరెంట్ పోయి చాలాసేపైంది, ట్యూబులు పూర్తిగా చల్లారి ఉన్నాయి. చల్లారిన ట్యూబ్‌కు హీటర్ కాగి పని మొదలు కావాలంటే పది, ఇరవై సెకన్లయినా పడుతుంది. అంతదాకా స్పీకర్‌లోంచి సౌండ్ రాకూడదు. రోజూ నేను ఆన్ చేసి, గిటార్ ట్యూన్ చేసుకొని, ల్యాప్‌టాప్ తెరిచేసరికి నిమిషం దాటేది, అందుకే ఇది నా కంట పడలేదు. ముందే ‘వేడెక్కించి పెట్టిన’ అన్న ఆ మర్యాద ఎందుకో అప్పుడు అర్థమైంది. పొద్దున దాకా నిద్ర పట్టలేదు.

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు వాల్వ్ రేడియోలు బాగుచేసేవాడు, ఇప్పుడు మిక్సీలు, ఇన్వర్టర్లు చేస్తున్నాడు. డబ్బా ఎత్తి బల్ల మీద పెట్టగానే “గింత అల్కగున్నదేంది బిడ్డా?” అన్నాడు. ట్యూబ్ ఆంప్‌లో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాక స్పీకర్‌కు ముందు ఇంకోటి ఉండాలి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ఎక్కువ వోల్టేజ్, తక్కువ కరెంట్ మీద నడిచే ట్యూబ్‌ను 8 ఓముల స్పీకర్‌తో కలిపేది అదే. ఆ ఇనుముకే బరువంతా. విప్పి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే ఉంది. 6వీ6 సాకెట్‌కు 8 పిన్నులుంటే వైర్లు రెండిటికే ఉన్నాయి, హీటర్ పిన్నులకు. చిన్న ట్యూబ్‌ది కూడా అదే కథ. 6.3 వోల్టులు ఇచ్చి రెండిటినీ వెలిగించాడంతే. అసలు సౌండ్ ఓ మూల హీట్‌సింక్‌కు బిగించిన టీడీఏ2030 ఐసీ బోర్డు (ట్యూబులు లేకుండా చిప్‌తోనే సౌండ్ పెంచేది) నుంచి వస్తోంది. హైదరాబాద్ కోఠికి పోతే అలాంటి బోర్డు రెండొందలు కూడా కాదన్నాడు పెద్దాయన.

ఆయన రెండు ట్యూబులూ పీకి నా చేతిలో పెట్టాడు. స్విచ్ వేసి కేబుల్ చివర వేలు పెట్టాడు. బుర్రుమని మోగింది.

అక్కడి నుంచే ఫోన్ చేశాను, స్పీకర్‌లో పెట్టి. “అన్నా, ట్యూబులు రెండూ పీకేశాం. ఆంప్ ఇంకా మోగుతోంది” అన్నాను. అటునుంచి టీవీ సీరియల్ వినబడుతోంది. కాసేపాగి అన్నాడు, “ఎవరు విప్పమన్నరు? విప్పితే వారంటీ పోతదని తెల్వదా?”

వారంటీ అట! కాగితం ముక్క ఇవ్వని మనిషి.

“వారంటీ సంగతి తర్వాత. ట్యూబులకు కనెక్షనే లేదు కదా” అన్నాను.

“సౌండ్ వస్తుందా లేదా చెప్పు.”

“వస్తోంది, కానీ...”

“కానీ లేదు గీనీ లేదు. సూపర్ టోన్ అని మెసేజ్ పెట్టింది నువ్వు గాదా? లవ్ సింబల్ గుడ పెట్టినవ్. ఉన్నది, స్క్రీన్‌షాట్ పంపన్నా? నీ చెవులకు తెల్వని తేడా నాకు చెప్తున్నవా? ట్యూబ్ సౌండ్ ఏందో తెలిసినోడు 28 వేల డబ్బా కోసం మా ఇంటికొస్తడా అన్నా?”

నా నోట మాట రాలేదు. డబ్బు పోయిన బాధ ఒకెత్తు, ఈ మాట ఒకెత్తు. వాయించడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది, చర్చి క్వయర్ల నుంచి పెళ్లి ఆర్కెస్ట్రాల దాకా అన్నిట్లో వాయించాను. ఆ మాట అన్నవాడి ఇంట్లో కూర్చొని చాయ్ తాగి, థాంక్స్ చెప్పి, పైగా వాళ్ల చిన్న పిల్లాడి చేతిలో చాక్లెట్ పెట్టి వచ్చాను. నా చెవుల సంగతి చెప్పాలంటే, అవును, క్లీన్ టోన్ నాకు నచ్చింది. ఐసీ బోర్డులు క్లీన్‌గా బాగానే మోగుతాయి. దాన్ని ఐసీ ఆంప్ అని చెప్పి మూడు వేలకు అమ్మి ఉంటే సంతోషంగా కొనేవాణ్ని, దాచుకునే పనీ ఉండేది కాదు. వెలిగే గాజుకు 25 వేలు తీసుకొని, అదేంటని అడిగితే నీ చెవులు పనికిరావు అంటున్నాడు.

ఫోన్ తనే పెట్టేశాడు. సాయంత్రానికి బ్లాక్ చేశాడు. పెద్దాయన రెండొందలు తీసుకొని “నీ వాల్వులు జాగ్రత్త బిడ్డా, గవ్వొక్కటే అసలువి” అన్నాడు. అదీ నిజమే, ట్యూబులు మాత్రం ఒరిజినల్.

1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. బిల్లు లేదు, సగం డబ్బు నగదుగా ఇచ్చాను, కాబట్టి పెద్దగా ఆశల్లేవు. అడ్వాన్స్ ఫోన్‌లో పంపిన రుజువు, ‘ఆల్ ట్యూబ్’ అని రాసిన ఆయన ప్రకటన స్క్రీన్‌షాట్ ఉన్నాయి. హన్మకొండలో వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్తాను. డబ్బు రాకపోయినా నోటీసు వాళ్లింటి గుమ్మం తొక్కాలి.

కొనేవాళ్లకు నాలుగు ముక్కలు. ఆంప్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే చూడటానికి వెళ్లండి, మీ చేత్తో ఆన్ చేసి వెంటనే వాయించండి. స్టాండ్‌బై స్విచ్ (ట్యూబులు కాగేదాకా సౌండ్ ఆపి ఉంచేది) ఉంటే అదీ వెంటనే వేసేయండి. ట్యూబులు కాగకముందే సౌండ్ వస్తే లేచి వచ్చేయండి. కాస్త కాగాక మాత్రం 6వీ6 దగ్గర వేలు పెట్టలేనంత వేడి ఉండాలి, ఏమీ వాయించకపోయినా సరే, చాంప్ లాంటి సర్క్యూట్ ఖాళీగా ఉన్నా కరెంట్ తాగుతూనే ఉంటుంది. నాది గోరువెచ్చగా ఉండేది, నేనేమో ‘కూల్‌గా నడుస్తోంది’ అనుకున్నాను. లోపలి ఫొటోలు ముందే అడగండి, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కనబడాలి. కంపెనీ హైబ్రిడ్ ఆంపులు వేరు, వాటిలో మామూలుగా ప్రీఆంప్‌కు (సిగ్నల్‌ను మొదట పెంచే భాగానికి) మాత్రమే ట్యూబ్ ఉంటుంది, అలా అని చెప్పే అమ్ముతారు, అవి మోసం కావు. అమెరికా నుంచి తెచ్చింది అంటే వెనక 120 వోల్టులా 230 వోల్టులా చూడండి, 120ది మన ప్లగ్‌లో నేరుగా పెడితే కాలిపోతుంది. నిజం ట్యూబ్ ఆంప్ దొరికితే స్పీకర్ వైరు పీకి మాత్రం ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు. రికార్డింగ్ కోసమే అయితే ఓ మంచి ప్లగిన్ (కంప్యూటర్‌లోనే ఆంప్ సౌండ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) కొనుక్కున్నా సరిపోతుందని మా తమ్ముడు మొదట్నుంచీ మొత్తుకున్నాడు. ఇప్పుడు వాడి మొహం చూడలేకపోతున్నాను.

ఇది రాసేముందు చూశాను, ఆయన కొత్త ప్రకటన పెట్టాడు. అదే నల్ల డబ్బా, ఈసారి నాలుగు ట్యూబులు, ‘10 వాట్స్, క్లాస్ ఏ’, 42,000. జగిత్యాల నుంచి ఒకరు ‘అడ్వాన్స్ పంపాను అన్నా’ అని కింద రాశారు. జగిత్యాల తమ్ముడూ, ఇది చదువుతుంటే మిగతా డబ్బు ఆపు, నాకు మెసేజ్ పెట్టు. లోపలి ఫొటోలన్నీ పంపిస్తాను.